దూరం జరిపిన కళ్ళు

పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆ పోలీస్ స్టేషన్‌కి బొమ్మలు గీసి పెడుతోంది. అలాగని అది ఉద్యోగమేం కాదు. ఉద్యోగం ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం, మెడలో గొలుసు లాక్కుపోయిన దొంగ ముఖం ఎలా ఉందో ఒకావిడ చెబుతుంటే గీసే మనిషి దొరక్క, స్టేషన్‌వాళ్ళు పక్క వీధిలో ఉన్న బడికి కబురు పెట్టారు. ఆవిడ పెన్సిలూ అట్టా చంకన పెట్టుకుని వెళ్ళింది. ఆ దొంగ దొరికాడు. దాంతో ఏడాదికి ఏడెనిమిదిసార్లు కబురు రావడం మామూలైపోయింది. స్టేషన్లో ఆవిడ పేరు ఎవరికీ తెలియదు, ఆ అవసరమూ పడలేదు. అందరికీ బొమ్మల టీచరే.

ఆవిడ పద్ధతి ఆవిడకుంది. ఎవరో నేర్పింది కాదు, చేసి చేసి పట్టుబడింది. సాక్షిని ఎదురుగా కూర్చోబెట్టేది. అట్టని తనవైపు వాల్చి ఒళ్ళో పెట్టుకునేది. గదిలో మూడో మనిషి ఉండకూడదు. ముందు ముఖం ఊసే ఎత్తేది కాదు. ఆ రోజు ఎండగా ఉందా, వాడి కాళ్ళకి చెప్పులున్నాయా, గొంతెలా ఉంది అంటూ అడుగుతూ పోయేది. వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టు చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది. బొమ్మ పూర్తయ్యేదాకా సాక్షి కంట పడనిచ్చేది కాదు. "చూపించామా, ఇంక బొమ్మనే చూస్తారు, వాణ్ణి చూడరు" అనేది ఎవరైనా అడిగితే.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి ఈ పద్ధతి మీద ఫిర్యాదేం లేదు. ఆయన ఫిర్యాదల్లా కాగితం మీద.

"టీచర్‌గారూ, మీ బొమ్మకి వంక పెట్టడానికి లేదు. కానీ దాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపేసరికి మసిబట్టినట్టు తయారవుతోంది. అవతలి స్టేషన్‌వాడు అది మీసమో నీడో తేల్చుకోలేక మళ్ళీ నాకే ఫోన్ చేస్తున్నాడు" అంటూ బల్ల మీద ఒక పెట్టె పెట్టాడు. అందులో పలకంత నల్లటి పరికరం, ఒక తీగ, ఒక పెన్ను ఉన్నాయి. "గ్రాఫిక్స్ టాబ్లెట్టట. కంప్యూటర్‌కి తగిలించి గీయాలి. నెల రోజులు ఇంట్లో పెట్టుకుని అలవాటు చేసుకోండి."

"నాకు రాకపోతే?"

"మీకు రాని బొమ్మా?" అని నవ్వాడు. పెట్టె ఆవిడ వైపు జరుపుతూ, "మరీ కుదరదంటే ఇంకెవర్నైనా చూద్దాం లెండి. మిమ్మల్ని మాత్రం ఎన్నాళ్ళని ఇబ్బంది పెడతాం" అన్నాడు.

మర్యాదగా అన్న ఆ చివరి మాటే ఆవిడకి ముల్లులా దిగింది. యాభై నాలుగేళ్ళు. చెయ్యి వణకడం లేదు, చూపు తగ్గలేదు. అప్పుడే సాగనంపుతున్నారా అనుకుంటూ పెట్టె సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆవిడా ఆవిడ అక్క కూతురూ. ఆ పిల్ల పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదని అందరూ పిచ్చుక అన్నారు. ఇప్పుడు ఏ గుమ్మం దగ్గరైనా తల వంచాల్సినంత ఎదిగినా పిచ్చుకే. పిల్లల వీడియోలకి జంతువుల బొమ్మలు గీసి పంపుతుంది, ఇంట్లో కూర్చునే, అచ్చం ఇలాంటి పలక మీదే. తన పాత ల్యాప్‌టాప్ తుడిచి, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అందులో వేసి, తీగ తగిలించి పిన్ని ముందు పెట్టింది.

"ఊఁ, గియ్యి పిన్నీ."

ఆవిడ వంగి, పలక వైపు చూస్తూ ఒక గీత గీసింది. పలక మీద ఏమీ పడలేదు.

"అక్కడ కాదు, తెర మీద చూడు."

తెర మీద ఓ మూల వానపాములాంటిదేదో మెలిక తిరిగి పడుంది.

"ఇది నేను గీసిందా?"

"నువ్వే. చెయ్యి వైపు చూడకూడదు. చెయ్యి కింద, చూపు ఎదురుగా. జడ వేసుకునేటప్పుడు చేతిని చూసుకుంటావా?"

"జడ నా వెనకాల ఉంటుందే, చూద్దామన్నా కనపడదు. ఇది ఎదురుగా కూర్చుని వెక్కిరిస్తోంది."

గుండ్రంగా సున్నా చుడితే కోడిగుడ్డు వచ్చింది. పలక వెడల్పూ తెర వెడల్పూ ఒకదానికొకటి సరిపోలేదని పిచ్చుక ఏవో అంకెలు మార్చింది. అప్పుడు సున్నా సున్నాగానే వచ్చింది గానీ మొదలుపెట్టిన చోటికి వచ్చి కలవలేదు. పెన్ను గాజు మీద సబ్బుముక్కలా జారిపోతుంటే పిచ్చుక పలక మీద తెల్లకాగితం పరిచి అంచులకి టేపు అంటించింది. కాగితం గరుకు తగిలాక ఆవిడ ప్రాణం కాస్త కుదుటపడింది. తెర మీద రెండు చుక్కలు పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి గీతలు, రోజుకి రెండొందలు. బడిలో ఆరో తరగతి పిల్లలకి ఆవిడ ఇచ్చే శిక్ష అదే.

"ముప్పై ఏళ్ళు పిల్లల్ని ఇలాగే ఏడిపించాను. అందరూ కలిసి శపించి ఉంటారు" అంది.

పిచ్చుక పొరల సంగతి కూడా చెప్పింది. గాజుపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టట. ముఖం ఒక పొర, కళ్ళు ఒక పొర, ముక్కు ఒక పొర. "కన్ను చోటు తప్పిందనుకో, చెరపక్కర్లేదు. చుట్టూ ఇలా గీత గీసి, పట్టుకుని పక్కకి జరపడమే" అంటూ తను గీసిన పిల్లి కన్నుని లాక్కెళ్ళి దాని చెవిలో పెట్టింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. గీత తప్పితే వెనక్కి తీసుకునే మీటలు రెండున్నాయి. ఆ రెంటికీ ఆవిడ ఎంత తొందరగా అలవాటు పడిందంటే, ఒక్క కనుబొమ కోసం ఇరవైసార్లు నొక్కేది. రబ్బరు ముట్టుకునే ముందు ఒకసారి ఆలోచించండే అని పిల్లలకి చెప్పే మనిషి.

నవ్వులు ఆ ఒక్క పూటే. మూడు వారాలు ఆవిడకి అన్నం సయించలేదు. బడిలో బోర్డు మీద సుద్దముక్కతో గుర్రాన్ని ఒక్క ఊపులో గీసేది, గీసి దాన్నే చూస్తూ నిలబడేది, తన చెయ్యి తనదేనని నమ్మకం కలిగించుకోడానికి. ఇంటికొచ్చి పెన్ను పట్టుకుంటే పక్షవాతం వచ్చినవాళ్ళ గీతలు. నాలుగో వారంలో, ఎందుకో ఏమిటో తెలియదు, ఒక సాయంత్రం పెన్ను పెట్టిన చోట గీత పడింది. తనెక్కడ చూస్తే అక్కడికి వెళ్ళింది. పిచ్చుక ముఖాన్నే చూసి గీసింది. పోలిక దిగింది. ఆ రోజు ఆవిడ ఆనందం అంతా ఇంతా కాదు.

సరిగ్గా ఆ వారమే స్టేషన్ నుంచి కబురొచ్చింది.

ఆరంతస్తుల భవనంలో కింద ఒక కళ్ళద్దాల షాపు. మధ్యాహ్నం జనం లేని వేళ ఒకడు వచ్చి ఫ్రేములు చూపించమన్నాడు. పనిచేసే అమ్మాయి రెండు ఫ్రేములు పెట్టి చూపించింది. మూడోది తేవడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి ముసలి యజమాని నేల మీద పడి ఉన్నాడు, తల పక్కన ఇనప స్టూలు. వాడు పెద్దాయన సంచి పట్టుకుని తలుపు తోసుకుపోయాడు. పెద్దాయనకి ఆసుపత్రిలో ఇంకా స్పృహ రాలేదు. చూసింది ఆ అమ్మాయి ఒక్కతే.

టీచరు ల్యాప్‌టాపూ పలకా పట్టుకుని వెళ్ళింది. ఆ పాత ల్యాప్‌టాప్ కరెంటు లేకపోతే నడవదు, ఎప్పుడూ కూర్చునే వెనక గదిలో ప్లగ్గు లేదు. ఇన్‌స్పెక్టర్ గదిలో ఆయన బల్ల మీదే సర్దుకోవాల్సి వచ్చింది. తీగ పొట్టిది. తెర ఎటు తిప్పినా ఆ అమ్మాయికి కనపడుతూనే ఉంది. టీచరు రెండుసార్లు అటూ ఇటూ జరిపి చూసి, సరేలే ఈ ఒక్కసారికి అనుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడ మనసంతా పెన్ను మీద ఉంది. ఇంతమందిలో మళ్ళీ వానపాములు పడితే తల ఎక్కడ పెట్టుకోవాలా అని ఉంది.

"ముఖాలు కొలవడమే నా పనండీ" అంది ఆ అమ్మాయి. ముప్పై లోపు ఉంటుంది, రెండు రోజులుగా నిద్ర లేదని చూస్తేనే తెలుస్తోంది. "కంటిపాపకీ కంటిపాపకీ దూరం చూడందే అద్దం బిగించం. వాడికి కొలబద్ద పెట్టలేదు గానీ నాకు చూపులోనే తెలిసిపోతుంది. యాభై ఎనిమిది మిల్లీమీటర్లు దాటదు. మగవాళ్ళలో అంత తక్కువ అరుదండీ. రెండు ఫ్రేముల్లోనూ కళ్ళు మధ్యకొచ్చి ముక్కుని ఒరుసుకున్నాయి."

టీచరు నోటుపుస్తకంలో రాసుకుంది: కళ్ళు బాగా దగ్గర, యాభై ఎనిమిది.

గీయడం మొదలుపెట్టింది. చెయ్యి మాట విన్నది. కోల ముఖం, సన్నటి గడ్డం, దగ్గర కళ్ళు. ఇరవై నిమిషాలకి తెర మీద ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. అమ్మాయి ఆ ముఖాన్ని చూసి కుర్చీలో వెనక్కి జరిగింది.

"వాడేనా?"

"దాదాపు... పెదవి దగ్గర ఏదో ఉందండీ, ఉండండి, చెప్తాను..."

అప్పుడే ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. ఆయన గది, ఆయన బల్ల, పొమ్మనడానికి లేదు. టీచరు భుజం వెనక నిలబడి తెర చూశాడు.

"అబ్బ! టీచర్‌గారూ, నెల రోజుల్లో ఇంత పట్టేశారా? ఫొటోలా ఉందండీ!"

ఆవిడకి చెవులదాకా వెచ్చబడింది. నెలంతా ఆ మాట కోసమే పడ్డ పాట్లు.

"కళ్ళు మాత్రం మరీ ఇంత దగ్గరా?" ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "వెడల్పు ముఖం కాదూ?"

"ఏమో సార్. నాకలా అనిపించింది."

"కంగారులో చూశావు కదమ్మా. టీచర్‌గారూ, దీంట్లో చెరపకుండా జరపొచ్చటగా? కొంచెం దూరం జరిపి చూపించగలరా?"

"ఎందుకు జరపలేను?" అంది టీచరు. కళ్ళ చుట్టూ గీత చుట్టి, పట్టుకుని, ఒకదాన్ని ఇటూ ఒకదాన్ని అటూ జరిపింది. వెన్నలో చాకు దిగినట్టు జరిగాయి. పోనీ దవడ కాస్త వెడల్పు చేస్తే, అన్నాడాయన. చేసింది. కనుబొమలు ఒత్తుగా? చేసింది. ప్రతిదానికీ ఇన్‌స్పెక్టర్ "భలే" అంటున్నాడు. అమ్మాయి తెర వైపే కళ్ళార్పకుండా చూస్తోంది. పెదవి దగ్గర ఏముందో చెప్పాల్సిన మాట ఎటో పోయింది. చివరికి నెమ్మదిగా, "ఈ ముఖం ఎక్కడో చూసినట్టే ఉందండీ" అంది.

"ఎక్కడో ఏంటమ్మా, మీ షాపులోనే" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బొమ్మ కింద టీచరు సంతకం చేసింది. ఇంటికి వెళుతూ దారిలో పిచ్చుకకి చెప్పులు కొంది, గురుదక్షిణ అని చెప్పి ఇచ్చింది.

మూడో రోజున మనిషి దొరికాడు. ఆ భవనానికి నెలకోసారి వచ్చే లిఫ్టు మెకానిక్. వారం కిందటే, లిఫ్టు ఆగిపోయిన గొడవలో, కళ్ళద్దాల షాపు పెద్దాయనతో వాడికి మాటా మాటా పెరిగిందట. తొమ్మిదిమందిని వరసగా నిలబెడితే అమ్మాయి ఒక్క నిమిషంలో అతని వైపు వేలు చూపించింది. పేపర్లో బొమ్మా అతని ఫొటోవూ పక్కపక్కన వేశారు. బడిలో హెడ్మిస్ట్రెస్ ఆ పేజీ కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించింది. పిల్లలు వచ్చి చూసి వెళుతున్నారు. టీచరు కూడా ఎవరూ లేనప్పుడు వెళ్ళి చూసింది. పందొమ్మిదేళ్ళలో ఏ బొమ్మా ఇంతలా కలవలేదు. ముక్కు కలిస్తే చెవులు కలిసేవి కావు. దీంట్లో అన్నీ కలిశాయి. అంతా కలవడమే ఆవిడకి ఎందుకో బాగా అనిపించలేదు. అదేమిటో ఆవిడకీ తెలియలేదు.

కాగితాల మీద ఇంకో సంతకం కావాలంటే ఆ శుక్రవారం స్టేషన్‌కి వెళ్ళింది. నడవలో బెంచీ మీద మెకానిక్ కూర్చుని ఉన్నాడు, పక్కన కానిస్టేబులు. గ్రీజు మరకల చొక్కా, నలభై ఏళ్ళుంటాయి. ఎవరో "బొమ్మల టీచర్ వచ్చారు" అనగానే తలెత్తాడు.

"మీరేనా అమ్మా ఆ బొమ్మ గీసింది?"

ఆవిడ బెంచీ ముందు ఆగింది.

"నన్నెప్పుడు చూశారు?"

కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. కానిస్టేబులు నోర్ముయ్యమన్నాడు. టీచరు చూస్తూ నిలబడిపోయింది. వెడల్పైన ముఖం. ఆ రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పడుతుంది. ఇంటికొచ్చి నోటుపుస్తకం తీసి చూసుకుంది. కళ్ళు బాగా దగ్గర, యాభై ఎనిమిది. తన చేతిరాతే.

శనివారమంతా ఆవిడ ఆ నోటుపుస్తకం తీస్తూ మూస్తూ గడిపింది. ఆదివారం పొద్దున పిచ్చుక ల్యాప్‌టాప్ ముందేసుకుని, "అమ్మకి చూపిస్తాను పిన్నీ, నువ్వెంత బాగా నేర్చుకున్నావో. ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి గీతా దాచుకుంటుంది. మొదటి నుంచీ వీడియోలా ఆడించొచ్చు" అంది.

"ప్రతి గీతా?"

"ప్రతిదీ. చెరిపింది కూడా."

టీచరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. గంట పని రెండు నిమిషాల్లో పరుగెత్తింది. ఖాళీ తెర మీద కోల ముఖం లేచింది, సన్నటి గడ్డం, దగ్గరగా రెండు కళ్ళు. ఒక మనిషి పూర్తిగా తయారయ్యాడు. ఆగాడు. ఆ తర్వాత కళ్ళు అటొకటి ఇటొకటి జరిగాయి, దవడ సాగింది, కనుబొమలు దళసరి అయ్యాయి. మొదటి మనిషి వెళ్ళిపోయి అతని చోట్లో లిఫ్టు మెకానిక్ వచ్చి కూర్చున్నాడు.

పిచ్చుక నవ్వు ఆగిపోయింది. "వీళ్ళు ఇద్దరు పిన్నీ!"

"మళ్ళీ పెట్టు."

నాలుగుసార్లు చూసింది. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఏ మాటకి ఏ గీత కదిలిందో ఆవిడకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అదే కాగితమైతే? కళ్ళు జరపాలంటే రబ్బరు పెట్టి రెండు కళ్ళూ తుడిచెయ్యాలి. తుడిచే ముందు చెయ్యి ఆగేది. ఆగితే, అమ్మాయి యాభై ఎనిమిది అన్నది కదా అని అడిగేది. బయటికి వెళ్ళండి సార్ అనేది. ఎన్నిసార్లు అనలేదు! ఆ రోజు అనలేదెందుకో ఆవిడకి తెలుసు. జరపగలనని చూపించుకోవాలని జరిపింది.

"పరికరం కొత్తది కదా పిన్నీ, నువ్వేం చేస్తావు" అంది పిచ్చుక.

"పరికరం నన్ను జరపమనలేదే. అదే దాచిపెట్టి మరీ చూపిస్తోంది."

సోమవారం బడికి సెలవు పెట్టి స్టేషన్‌కి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ వీడియో చూశాడు, రెండోసారి అడగలేదు. చెడ్డవాడేం కాదు. మొదటి రోజే లిఫ్టు గొడవ సంగతి విని, మెకానిక్ ముఖం మనసులో పెట్టుకుని, దొరకాల్సినవాడు దొరికాడని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి.

"బొమ్మన్నాక మార్పులుంటాయండీ. తొమ్మిదిమందిలో ఆ అమ్మాయే కదా వేలు పెట్టి చూపించింది?"

"ఆ అమ్మాయి చూపించింది నా బొమ్మని సార్. గంటసేపు కూర్చోబెట్టి దాన్నే చూపించాం. ఆ భవనంలో అతను ఎప్పుడో ఎదురుపడే ఉంటాడు, అందుకే చూసినట్టుంది అంది. కావాలంటే అతని కళ్ళ మధ్య దూరం కొలిపించండి."

"ఆ రోజు మీరే జరిపారు. నేను బలవంతం చేశానా?"

"లేదు."

"సంతకం మీది."

"అందుకే వచ్చాను."

ఆయన పేపర్ వెయిట్ పక్కకి జరిపాడు. "ఇంటికెళ్ళండి టీచర్‌గారూ. బాగా అలిసిపోయారు" అన్నాడు.

ఇంటికి వెళ్ళలేదు. కోర్టు వరండాలో అడుగుతూ అడుగుతూ మెకానిక్ తరపు లాయరమ్మని పట్టుకుంది. ఆవిడ చిన్నపిల్లే, చేతినిండా కాగితాల కట్టలు. నిలబడే విన్నది, విన్నాక కూర్చుంది.

"ఇది మీరు కోర్టులో చెప్పగలరా? మిమ్మల్ని చాలా మాటలంటారు."

"అంటారు."

పిచ్చుకకి భయం పట్టుకుంది. "అందరూ నిన్నే అంటారు పిన్నీ. నువ్వే గీశావంటారు" అని ఏడ్చింది.

"గీసింది నేనే కదే. ఎవర్నన్నా అన్యాయంగా అంటే కదా ఏడవాలి?" అంది టీచరు.

కోర్టులో గోడ మీద పెద్ద తెర దించి ఆ రెండు నిమిషాలూ ఆడించారు. అవతలి లాయరు, "పందొమ్మిదేళ్ళ అనుభవం ఉందంటున్నారు, ఎవరో పక్కన నిలబడి చెప్తే ముఖం మార్చేస్తారా?" అని అడిగాడు. "ఆ రోజు మార్చాను" అంది. "మరి ఇన్నేళ్ళలో మీరు గీసిన బొమ్మలన్నీ ఇలాగేనా?" అన్నాడు. కాదని గట్టిగా అనబోయి ఆగింది. అవన్నీ కాగితాలు. చెరిపింది చెరిపినట్టే పోయింది.

కంటి డాక్టరు వచ్చి మెకానిక్‌ని కొలిచి అరవై తొమ్మిది అని చెప్పాడు. నోటుపుస్తకంలో యాభై ఎనిమిది. ఆ వేళప్రాంతంలో అతను ఇంకెక్కడో లిఫ్టు బాగుచేస్తున్నాడని చెప్పిన వాచ్‌మన్ మాటని మొదట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పుడు తీసుకున్నారు. అరెస్టయిన యాభై మూడో రోజున అతన్ని వదిలేశారు.

వదిలేశారు గానీ, లిఫ్టు కంపెనీ ఆ వీధులకి అప్పటికే ఇంకొకణ్ణి వేసుకుంది. పేపర్లో అతన్ని వదిలేసిన వార్త మూడు లైన్లు వచ్చింది, ఫొటో లేకుండా. హెడ్మిస్ట్రెస్ నోటీసు బోర్డు మీది కాగితం ఎప్పుడు పీకేసిందో పీకేసింది. ఒకరోజు కూరగాయల దగ్గర టీచరుకి అతను కనిపించాడు, పక్కన భార్య. టీచరు రెండడుగులు ముందుకి వేసింది. అతను చూశాడు, గుర్తుపట్టాడు, భార్య చేతిలో సంచి అందుకుని అటు తిరిగి నడిచాడు. ఆవిడ వెనక వెళ్ళలేదు. ఏం చెప్పాలని వెళ్ళడం?

స్టేషన్‌వాళ్ళు పలక వెనక్కి పట్టుకుపోయారు. మళ్ళీ కబురు రాలేదు. షాపు పెద్దాయనకి స్పృహ వచ్చింది గానీ ఆ రోజంతా ఆయన తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

పిచ్చుక కొత్త పలక కొనుక్కుని పాతది పిన్ని బల్ల మీద పెట్టింది. నెల దాకా ఆవిడ దాన్ని తాకలేదు. తర్వాత తాకింది. బడి గోడకి వేయాల్సిన పటాలు గీస్తోంది, మొక్క భాగాలూ, నీటి చక్రమూ. వెనక్కి తీసుకునే మీటలు నొక్కేముందు ఆగుతోంది.

ఒకరోజు నాలుగున్నరకి, బడి వదిలే వేళ, కళ్ళద్దాల అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మడతలు పడిన కాగితం. విప్పి చూపించింది. వీడియోలోంచి తీసిన మొదటి ముఖం, దగ్గర కళ్ళవాడు.

"ఇది ఇచ్చి, వీడేనా అని స్టేషన్‌వాళ్ళు రోజూ అడుగుతున్నారండీ. పేపర్లో వేయాలంటే నేను ఔనని చెప్పాలట."

"కాదా?"

"ముందు గీసినప్పుడు వాడేనని ఒళ్ళు జలదరించింది, అది గుర్తుంది. ముఖం గుర్తులేదు. కళ్ళు మూసుకుంటే ఆ లిఫ్టు అతనే వస్తున్నాడు. అతను కాదని నాకు తెలుసు. తెలిసినా అతనే వస్తున్నాడు."

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. టీచరు వాడి గొంతు గురించి అడిగింది, చేతుల గురించి అడిగింది. గొంతు బొంగురని ఆ అమ్మాయి చెప్పింది, గోళ్ళు పొడుగ్గా ఉన్నాయంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపింది.

"పెదవి దగ్గర ఏదో ఉందన్నావు ఆ రోజు. చెప్తానన్నావు."

"అన్నానా?" ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది.

"నా తప్పమ్మా అది" అంది టీచరు.

ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "షాపుకి రోజుకి ముప్పై మంది వస్తారండీ. ఒక్కొక్కరికీ ఎదురుగా కూర్చుని ఫ్రేము పెట్టాలి. వాడే వచ్చి కూర్చున్నా, ఇది మీకు బాగుంది సార్ అంటానేమోనని భయంగా ఉంది."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా టీచరు కిటికీ కిందే నిలబడింది.